గొయ్యి ఎక్కడుంది?

మొన్న డిసెంబర్లో, సెమిస్టర్ పరీక్షల మధ్యలో, మా జేజినాయన ఫోన్ చేసి "రాగి ఎత్తకపోయినార్రా" అన్నాడు. ఇంట్లో రాగి చెంబు పోయిందేమో అనుకున్నా. కానీ చెంబు పోతే పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేసే మనిషి కాదు ఆయన. పోయింది చేను దగ్గరి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉండే రాగి తీగ. రాత్రి ఎవరో కరెంటు తప్పించి, ట్రాన్స్‌ఫార్మర్‌ను దిమ్మె మీద నుంచి కిందికి తోసి, మూత ఊడదీసి, నూనె అంతా పారబోసి, లోపలి తీగ చుట్టలు లాక్కుని వెళ్ళిపోయారు. తెల్లారి చూస్తే ఖాళీ ఇనప డబ్బా, దాని చుట్టూ నల్లటి నూనె మడుగు. ఆ ఒక్కదాని మీద ఐదు బోర్లు నడుస్తాయి. ఇంకోటి వచ్చి బిగించేసరికి పదకొండు రోజులు పట్టింది. మా మొక్కజొన్న అప్పుడే కంకి వేసి పాలు పోసుకుంటోంది. ఆ టైంలో నీళ్ళు తప్పితే ఏమవుతుందో పల్లెటూరి వాళ్ళకు చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకు ఒక్క మాట: కంకి ఉంటుంది, గింజ ఉండదు.

మాది వెలుగోడు. ఊరి పక్కనే తెలుగుగంగ రిజర్వాయర్, పదహారు టీఎంసీల పైనే పడుతుంది. కానీ మా చేను మిట్ట మీద ఉంది. నీళ్ళు కంటికి కనపడతాయి, చేనికి ఎక్కవు. అందుకే బోరు, బోరుకు మోటరు, మోటరుకు ట్రాన్స్‌ఫార్మర్, ట్రాన్స్‌ఫార్మర్‌కు రాగి.

ముందే ఒక మాట చెప్పేస్తా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే మన క్లబ్ ఎడిటర్ అక్క దిద్దుతుంది, అభిప్రాయం తప్పితే మీరు దిద్దండి.

దొంగతనం జరిగిన వారానికే మన డిపార్ట్‌మెంట్‌లో పోస్టర్ కాంపిటీషన్. టాపిక్ 'క్లీన్ టెక్'. గోడకు అంటించిన వాటిలో ముప్పావు వంతు మీద ఒక పచ్చటి ఆకు, ఒక తెల్లటి మబ్బు. మా టీమ్ కూడా అదే చేసింది, మబ్బు కింద ఒక సోలార్ ప్యానెల్ ఎక్స్‌ట్రా. రెండో ప్రైజ్ వచ్చింది. సర్టిఫికెట్ తీసుకుని స్టేజీ దిగుతుంటే నాకు ఎందుకో ఆ నూనె మడుగు గుర్తొచ్చింది. క్లౌడ్ అంటే సర్వర్లు. సర్వర్లకు కరెంటు కావాలి. కరెంటుకు తీగ కావాలి. ఆ తీగ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ ప్రశ్న పట్టుకుని చదువుతూ పోతే సంక్రాంతి సెలవులన్నీ దాంట్లోనే కరిగిపోయాయి. గాలిపటం కూడా ఎగరేయలేదు.

చదివినదాంట్లో నాకు అర్థమైంది చెప్తాను. రాగి గొయ్యిని ఊళ్ళు మింగేంత పెద్దది చేసింది రైలు. ఆ గొయ్యిని మన కంటికి కనపడకుండా చేసింది కూడా రైలే. రెండో సంగతి మన చదువులో ఎక్కడా రాదు. అందుకే ఈ వ్యాసం.

మన జిల్లా నుంచే మొదలుపెడదాం. గడివేముల మండలంలో గని అని ఒక ఊరుంది. చిన్నప్పుడు బస్సు బోర్డు మీద ఆ పేరు చూసి, ఎవరో గనీ సాహెబ్ పేరు మీద వెలిసిన ఊరనుకునేవాణ్ణి. కాదు, గని అంటే గనే. ఆ చుట్టుపక్కల పాతకాలంలో రాగి తవ్విన గుంతలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తల రికార్డుల్లో ఉంది. అక్కడ నేలలో ఒక పెద్ద పగులు సాగిపోతుంది, దానికి గని–కాల్వ ఫాల్ట్ అని పేరే పెట్టారు. ఆ పగులు వెంబడి రాగి, ముగ్గురాయి ఉన్నాయి. ఇంటి ముందర ముగ్గేసే రాయి, బిందె చేసే లోహం ఒకే చీలికలో పక్కపక్కన ఉన్నాయన్నమాట.

సెలవుల్లో మా బావ బండి మీద అక్కడికి పోయాం. బావ కొన్ని నెలలు అక్కడే పని చేశాడు, గనిలో కాదు, సోలార్ పార్కులో ప్యానెళ్ళు కడిగే పని. గని, శకునాల ఊళ్ళ పొలాల్లో దాదాపు 5,900 ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. 2017లో పూర్తయింది. ఒకే చోట అంత పెద్ద పార్కు అప్పటికి ప్రపంచంలోనే అరుదు. దూరం నుంచి చూస్తే మా రిజర్వాయరే ఇక్కడికి వచ్చి పడుకుందా అనిపిస్తుంది, నీలంగా, కదలకుండా. బావ ఫెన్సింగ్ పక్కన బండి ఆపి, ప్యానెల్ నుంచి ఇన్వర్టర్‌కు, ఇన్వర్టర్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు, అక్కడి నుంచి సబ్‌స్టేషన్‌కు తీగ ఎట్లా పోతుందో వేలు పెట్టి చూపించాడు. "భూమి లోపలంతా కేబులే బామ్మర్దీ, పైన కనపడేది సగమే" అన్నాడు.

ఊళ్ళో టీ అంగడి దగ్గర ఒక పెద్దాయనను పాత రాగి గుంతలు ఎక్కడున్నాయని అడిగాం. ఆయన చెయ్యెత్తి గుట్ట వైపు చూపించి, "ఆ కంపలో యాడో ఉన్నెయ్, ఏం పని మీకు?" అన్నాడు. ఏం పనో నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. ఎండ ఎక్కువగా ఉంది, బావ చెప్పులు తెగి ఉన్నాయి, మేం గుట్ట ఎక్కలేదు. ఒకప్పుడు నేలలోంచి రాగి తీసిన ఊరు అది. ఇప్పుడు ఎక్కడి నుంచో తెచ్చిన రాగిని ఆ నేలలోనే పూడ్చిపెట్టారు. ఈ ఒక్క సంగతి తెలిసినందుకైనా పోయిన పెట్రోలు దండగ కాలేదు.

మరి గనిలో రాగి ఉంటే, బయటి నుంచి ఎందుకు తేవాలి? ఇదే నా మొదటి డౌటు. దీనికి జవాబు 'ఎంత శాతం' అన్న మాటలో ఉంది. పాతకాలం వాళ్ళు ఎక్కడైనా పచ్చగా మెరిసే మంచి రాయి కోసమే తవ్వారు. చీలిక ఎటు పోతే అటు, ఎలుక బొరియ లాగా. రాయిని మోసింది మనిషి నెత్తి, గాడిద వీపు. అంత కష్టపడి మోసే రాయిలో నిండుగా రాగి లేకపోతే గిట్టదు. మంచి రాయి అయిపోయిన చోట గుంత వదిలేసి పోయారు. చుట్టూ మిగిలిన కొండలో కూడా కొంచెం కొంచెం రాగి ఉండొచ్చు. కానీ వాళ్ళ లెక్కలో అది రాగి కాదు, రాయి.

ఆ లెక్కను తిరగేసినవాడు డేనియల్ జాక్లింగ్ అనే అమెరికా ఇంజనీరు. యూటా రాష్ట్రంలో సాల్ట్ లేక్ సిటీకి దగ్గర బింగమ్ అనే కనుమ ఉంది. అక్కడ అప్పటికే వెండి, సీసం కోసం భూమి లోపలికి సొరంగాలు తవ్వుతున్నారు. రాగి కూడా ఉందని అందరికీ తెలుసు, కానీ రాయిలో రెండు శాతమే. క్వింటాలు రాయి పగలగొడితే రెండు కిలోలు. 1899లో జాక్లింగ్, అతనితో పాటు రాబర్ట్ జెమ్మెల్ అనే ఇంకొకాయన కలిసి ఒక రిపోర్టు రాశారు. దాని సారం ఇది: మంచి రాయిని వెతకడం మానేద్దాం, కొండ మొత్తాన్ని పైనుంచి తవ్వేద్దాం, స్టీమ్ షవెళ్ళతో ఎత్తి రైల్లో పోసి మిల్లుకు పంపుదాం. అంత బీద రాయి మీద లాభమా అని అనుభవం ఉన్నవాళ్ళు నవ్వారు. 1903లో యూటా కాపర్ కంపెనీ మొదలైంది. 1906లో స్టీమ్ షవెళ్ళు దిగాయి. స్టీమ్ షవెల్ అంటే మన జేసీబీకి ముత్తాత అనుకోండి, బొగ్గు తిని ఆవిరితో నడుస్తుంది. అది కూడా పట్టాల మీదే కదిలేది.

మన సిలబస్ భాషలో చెప్పాలంటే జాక్లింగ్ కొత్త డేటా ఏమీ తేలేదు, త్రెషోల్డ్ మార్చాడు. ఏది ముడి ఖనిజం, ఏది ఉత్త రాయి అనేది భూమి నిర్ణయించలేదు, మోత ఖర్చు నిర్ణయించింది. టన్ను రాయిని మిల్లు దాకా చేర్చడానికి ఎంత అవుతుందో అది తగ్గగానే, నిన్నటిదాకా రాయి అయిన కొండ ఈరోజు రాగి కొండ అయిపోయింది. కొండలో ఏమీ మారలేదు.

ఒకసారి లెక్క చూడండి. రెండు శాతం అంటే టన్ను రాగికి యాభై టన్నుల రాయి, అదీ ఏమీ వృథా పోకుండా ఉంటే. దాని పైన కప్పిన పనికిరాని మట్టి, బండ వేరే. మన సింగరేణిలో దాన్ని ఓబీ అంటారు, అది కూడా తవ్వి ఎక్కడో పోయాలి. ఇంత బరువు ఎడ్ల బండి మోయదు, అప్పటి లారీలు మోయవు. రైలు ఒక్కటే మోయగలదు. అందుకే బింగమ్ ఫోటోలు చూస్తే తవ్వేవాళ్ళ కన్నా పట్టాలే ఎక్కువ కనిపిస్తాయి. కొండను మెట్లు మెట్లుగా కోశారు, దిగుడుబావి మెట్లలాగా. ఒక్కో మెట్టు మీద ఒక్కో రైలు దారి. షవెల్ మెట్టు అంచును కొరుకుతుంది, పక్కనే నిలబడ్డ వ్యాగన్‌లో పోస్తుంది. అంచు వెనక్కి జరిగినప్పుడల్లా పట్టాలు ఊడదీసి మళ్ళీ దగ్గరికి వెయ్యాలి. ఏళ్ళ తరబడి ఒక పెద్ద గుంపు చేసిన పని ఇదే, పట్టాలు ఎత్తడం, జరపడం, వెయ్యడం. రాగి గని పని అంటే పలుగు పట్టుకున్న మనిషిని ఊహించుకుంటాం కదా, అక్కడ సగం పని రైల్వే గ్యాంగ్‌మన్ పని.

మొదట్లో బయటి రైల్వే కంపెనీ లైను మీదే రాయి పంపారు. వాళ్ళు ఇంత బరువు సకాలంలో లాగలేకపోయారు. దాంతో రాగి కంపెనీయే సొంతంగా బింగమ్ అండ్ గార్ఫీల్డ్ అనే రైల్వే కట్టుకుంది. 1911లో నడవడం మొదలైంది. వంతెనలు, సొరంగాలు దాటుకుంటూ గ్రేట్ సాల్ట్ లేక్ ఒడ్డు దగ్గరి మిల్లుల దాకా పోయే లైను. అక్కడ రాయిని పిండి చేసి రాగి తీస్తారు. ఆ పద్ధతి కూడా నాకు భలే నచ్చింది. 1910ల నుంచి నురగ పద్ధతి వచ్చింది: రాయి పిండిని నీళ్ళలో కలిపి, కొంచెం నూనె లాంటిది వేసి, గాలి ఊది చిలుకుతారు. రాగి ఉన్న రేణువులు బుడగలకు అంటుకుని పైకి తేలతాయి, ఉత్త రాయి అడుగుకు పోతుంది. మా జేజి కవ్వంతో వెన్న తీసే లెక్కే. ఒకటే తేడా, ఇక్కడ వెన్న రెండు పాళ్ళు, మిగతా తొంభై ఎనిమిది పాళ్ళు పారబోయాలి. పారబోసింది ఎక్కడ? మిల్లు పక్కనే, సరస్సు ఒడ్డున, ఎకరాలకు ఎకరాలు. రైలు అటు చివర గొయ్యి, ఇటు చివర బూడిద రంగు మట్టి మైదానం.

ఇంతవరకు ఇంజనీరింగ్. ఇంజనీరింగ్ విద్యార్థిగా నాకు ఇది చదువుతుంటే ఒళ్ళు పులకరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత చదివింది కొంచెం గొంతులో అడ్డుపడింది.

ఆ కనుమలో బింగమ్ కాన్యన్ అనే ఊరు ఉండేది. ఇరుకైన ఒక్క వీధి, రెండు పక్కలా కొండ. గ్రీసు, ఇటలీ, జపాన్, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు. గ్రీకు కూలీలకు పని దొరకాలంటే లియోనిదాస్ స్క్లిరిస్ అనే మేస్త్రికి కట్టం కట్టాలి, పని దొరికాక కూడా కడుతూనే ఉండాలి. 1912లో దాదాపు ఐదు వేలమంది సమ్మె చేశారు. కూలి పెంచమన్నారు, దానితో పాటు ఆ మేస్త్రిని తీసెయ్యమన్నారు. మేస్త్రి రాజీనామా చేశాడు. కానీ కంపెనీ బయటి కూలీలను దింపి సమ్మెను విరగ్గొట్టింది. మా వైపు నుంచి వలస పోయే వాళ్ళకు మేస్త్రి అంటే ఏంటో, అడ్వాన్స్ అంటే ఏంటో తెలుసు. వందేళ్ళ కిందటి అమెరికా సంగతి చదువుతుంటే మా వీధి గుర్తుకు రావడం నాకు వింతగా ఉంది. ఆ ఊరు కూడా మిగల్లేదు. గొయ్యి పెరిగి పెరిగి ఊరి దాకా వచ్చింది. ఇళ్ళు ఒక్కొక్కటే కొనేశారు, 1971లో మిగిలిన కొద్దిమంది కలిసి ఊరి మున్సిపాలిటీని రద్దు చేసుకున్నారు. ఇప్పుడు అక్కడున్నది నాలుగు కిలోమీటర్ల వెడల్పు, కిలోమీటరుకు పైగా లోతున్న గొయ్యి. రాయిలో రాగి రెండు శాతం నుంచి దిగి దిగి అర శాతం దగ్గరికి వచ్చింది, అంటే టన్నుకు రెండు వందల టన్నుల రాయి. చిలీలో 1915లో మొదలైన చుకికమాటా గొయ్యి కథ కూడా ఇదే. అక్కడి రాగి రైలెక్కి ఆంటోఫగాస్టా రేవుకు పోయింది. దాని పక్కన కట్టిన ఊరినీ ఈ శతాబ్దం మొదట్లోనే ఖాళీ చేయించారు. కొన్ని వీధులు గని మట్టి కుప్పల కింద ఉన్నాయి.

ఇప్పుడు నా అసలు అభిప్రాయం. గని ఊరి పాతకాలంలో గుంత, కొలిమి, బిందె కొనే మనిషి, అందరూ ఇంచుమించు ఒకే చోట ఉండి ఉంటారు. పొగ వస్తే అందరికీ వస్తుంది, మేక గుంతలో పడితే అందరికీ తెలుస్తుంది. పట్టాలు పడ్డాక ఈ మూడూ విడిపోయాయి. తవ్వేది ఒక చోట, కరిగించేది ఇంకో చోట, వాడేది వేరే ఖండంలో. న్యూయార్క్‌లో బల్బు వేసిన మనిషి బింగమ్ వీధిని చూడలేదు. చూడని గొయ్యి ఎంత పెద్దదైనా ఎవరూ వద్దనరు. మన పోస్టర్లో మబ్బు అంత తెల్లగా ఎందుకుందంటే, నల్లటి భాగం చాలా స్టేషన్లు అవతల ఉంది.

దగ్గర్లో ఒక ఉదాహరణ తూత్తుకుడి. అక్కడి స్టెరిలైట్ రాగి ఫ్యాక్టరీ పొగ మీద జనం ఏళ్ళ తరబడి గొడవ పడ్డారు. 2018 మేలో పోలీసు కాల్పుల్లో 13 మంది చనిపోయారు, ఫ్యాక్టరీ మూతపడింది. 2024లో సుప్రీంకోర్టు కూడా తెరవడానికి ఒప్పుకోలేదు. అప్పటిదాకా శుద్ధి చేసిన రాగిని ఎగుమతి చేసిన మన దేశం దిగుమతికి మారింది. మనం రాగి వాడటం తగ్గించామా? లేదు. పొగ ఇంకో దేశానికి జరిగింది, అంతే. ఆ 13 మంది కుటుంబాల వైపే నేను ఉంటాను, అందులో సందేహం లేదు. కానీ ఇప్పుడు ఆ పొగ ఎవరింటి మీదుందో మనం అడగడం మానేశాం.

మా హాస్టల్లో మెకానికల్ సీనియర్ అన్న ఒకరు ఇది విని, "అయితే కరెంటు వద్దా? మీ బోరు చేత్తో తోడతావా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జాక్లింగ్ లెక్క లేకపోతే రాగి ఖరీదైన లోహంగానే ఉండిపోయేది, మా చేను దాకా తీగ వచ్చేది కాదేమో. మా జేజినాయన చిన్నప్పుడు కపిలతో నీళ్ళు తోడేవాళ్ళు, ఎద్దులు ముందుకు వెనక్కు నడిచి నడిచి ఒక మడి తడిపేవి. ఆయన దగ్గరికి పోయి గనులు మూసేద్దామని నేను అనలేను. ఇంకో ముద్ద పెట్టించుకుని తిని పడుకోమంటాడు. నేను అనేది తవ్వొద్దని కాదు. తవ్వినది లెక్కలో రాయమని.

రైలు విషయంలో కూడా ఒక లెక్క రాయాలి. రైలు వస్తే ఊరు బాగుపడుతుందని మన దగ్గర అందరూ అంటారు. ఏ రైలు అని అడగరు. మన నంద్యాల లైను కథ చూడండి. ధాత కరువులో, అంటే 1876–78లో, ఈ వైపు జనం పిట్టల్లా రాలిపోయారు. దాని తర్వాత 1880ల్లో గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడ వైపు మీటర్ గేజ్ లైను వేయించారు, మళ్ళీ కరువొస్తే ధాన్యం లోపలికి తేవడానికి. తెల్లదొరలకు పత్తి లెక్కలు, సైన్యం లెక్కలు కూడా ఉండే ఉంటాయి. అయినా లైను వేసిన కారణాల్లో తిండి ఒకటి. బొగద సొరంగం, దొరబావి వంతెన ఆ పనిలో కట్టినవే. ఇంకో రకం లైను కొత్తవలస–కిరండూల్. అరకు పోయేటప్పుడు అద్దాల కోచ్‌లో కూర్చుని రీల్స్ తీస్తాం కదా, అదే. 1960ల్లో దాన్ని కట్టింది మన రీల్స్ కోసం కాదు. బైలదిల కొండల్లో ఓపెన్‌కాస్ట్‌లో తవ్విన ఇనప రాయిని విశాఖ రేవుకు తెచ్చి జపాన్ పంపడానికి. ఇప్పటికీ ఆ పట్టాల మీద యజమాని గూడ్సే, ప్యాసింజర్ అతిథి. ఒక లైను ఊరికి తెచ్చిపెట్టడానికి వేసింది, ఇంకోటి ఊరి నుంచి తీసుకుపోవడానికి. పట్టాలు చూస్తే తేడా తెలియదు, టైమ్ టేబుల్ చూస్తే తెలుస్తుంది.

నంద్యాల–ఎర్రగుంట్ల లైను 1996–97లో మంజూరై, 2016లో కానీ పూర్తి కాలేదు. 123 కిలోమీటర్లకు ఇరవై ఏళ్ళు. మా వెలుగోడుకు ఇప్పటికీ రైలు లేదు, నంద్యాల పోవాల్సిందే. రేపు మన జిల్లాలో ఎక్కడైనా ఖనిజం వేలం అని వార్త వచ్చి, లైను రెండేళ్ళలో పడిపోతే, ఆ లైను ఎవరి కోసమో అనుమానించడం మన హక్కు.

మన బ్రాంచికి సంబంధించిన ఒక సంగతి కూడా ఉంది. 2013 ఏప్రిల్ 10న బింగమ్ గొయ్యిలో ఒక పక్క గోడ జారిపడింది, కోట్ల టన్నుల రాయి. ఒక్క మనిషి కూడా చనిపోలేదు. గోడ మీద రాడార్లు, సెన్సర్లు పెట్టి, మిల్లీమీటర్ల లెక్కన కదలిక కొలుస్తూ, ముందే అందరినీ బయటికి పంపేశారు. అది చదివి నేను గర్వపడ్డాను, నిజంగా. ఆ డేటా చదివే ప్రోగ్రాం మనలాంటి వాళ్ళే రాసి ఉంటారు. గొయ్యిని కొలవడం మనకు వచ్చు. మరి మన ప్రాజెక్టు రిపోర్టులో 'పర్యావరణ ప్రభావం' అనే చాప్టర్లో కరెంటు యూనిట్లు, కార్బన్ మాత్రమే రాసి ఎందుకు ఆపేస్తున్నాం? ఎన్ని కిలోల రాగి, దానికి ఎన్ని టన్నుల రాయి అని ఒక్క లైను రాయలేమా? ఫైనలియర్‌లో నేను చేయబోయే ప్రాజెక్టులో ఆ లైను ఉంటుంది. గైడ్ సార్ కొట్టేస్తే ఇదే పత్రికలో మళ్ళీ రాస్తా.

వేలాల విషయం కూడా గాల్లో మాట కాదు. పల్నాడులో అగ్నిగుండాల దగ్గర బండ్లమొట్టులో సీసం గని నడిచి మూతపడింది, పక్కనే నల్లకొండ, ధూకొండ రాగి నిక్షేపాలున్నాయి. కరెంటు కార్లు, డేటా సెంటర్లు అని ప్రపంచమంతా రాగి కోసం తిరుగుతోంది. త్రెషోల్డ్ ఇంకా కిందికి దిగుతుంది. ఈరోజు రాయి అనుకుంటున్నది రేపు ఖనిజం కావచ్చు, గని గుట్ట అయినా సరే. ఆ రోజు పబ్లిక్ హియరింగ్ అని ఊళ్ళో షామియానా వేస్తారు. ఇంగ్లీష్‌లో ఐదు వందల పేజీల రిపోర్టు టేబుల్ మీద పెడతారు. ఊళ్ళో దాన్ని చదవగలిగేది మనమే, ఇంగ్లీష్ మీడియం పిల్లలం. ఎంత శాతం రాయి, టన్నుకు ఎంత పైమట్టి, ఆ మట్టి ఎవరి చేని పక్కన పోస్తారు, నీళ్ళు ఏ రిజర్వాయర్ నుంచి తీస్తారు, లైను మీద ప్యాసింజర్ ఆగుతుందా. ఇవి అడగడానికి మైనింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఆ రోజు మనం బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో క్యాబ్‌లో ఉంటామేమో అన్నదే నా భయం. నేనూ అక్కడే ఉంటానేమో.

మా ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చెప్పి ఆపేస్తా. మొక్కజొన్న సగం పోయింది, మిగతా సగం బర్రెలకు మేత అయింది. కొత్తగా బిగించిన దాంట్లో తీగ అల్యూమినియందంట. రాగి ఖరీదు, పైగా దొంగల భయం. "ఇంక నిశ్చింతే కదా జేజినాయనా" అన్నా ఫోన్లో. "ఆ నా కొడుకులకు లోపల ఏముండాదో ఎట్ల తెలుస్తాదిరా, పగలగొట్టినాంక గదా తెలిసేది" అన్నాడు. లైన్‌మన్‌ను బతిమాలి డబ్బా మీద తెల్ల పెయింట్‌తో 'ఇందులో రాగి లేదు' అని పెద్ద అక్షరాలతో రాయించాడంట. అయినా రాత్రి రెండు సార్లు టార్చ్ లైట్ తీసుకుని పోయి చూసొస్తున్నాడు.